చిక్కుడు తీగకు లారీ తాడు

ఈ ఉదయం నా నెత్తి మీద చిక్కుడుకాయల బుట్ట పడింది. ఆకాశంలోంచి ఊడిపడిందని రాద్దామనుకున్నాను. శంషాబాదులో పొద్దస్తమానం ఆకాశంలోంచి ఏదో ఒకటి దిగుతూనే ఉంటుంది కాబట్టి మీరూ నమ్మేవారు. కానీ వంటింటి కిటికీలోంచి మా ఆవిడ చూస్తూ ఉంది, రేపు ఇది చదివేది కూడా ఆవిడే. అందుకని ఉన్నమాట చెబుతాను. బుట్ట పడలేదు, పక్కింటి మేడ మీద నుంచి తాడు కట్టి మెల్లగా దింపుతున్నారు. నేనే మెంతి మడి చూసుకుంటూ పోయి సరిగ్గా దాని కింద నిలబడ్డాను. మంకీ టోపీ ఉంది గనుక దెబ్బ తగల్లేదు. పొగమంచు మాత్రం నిజంగానే దట్టంగా ఉంది. పైన విమానం చప్పుడే తప్ప విమానం లేదు, మేడ మీద గొంతే తప్ప మనిషి లేదు.

"చాచా, జర పక్కకు జరుగు!" అంది ఆ గొంతు.

"పడ్డంక చెప్తున్నవా బిడ్డా?"

"నువ్వు కనిపిస్తే గద! పొద్దుగాల్నే ఆడ నిలబడి ఏం చేస్తున్నవ్?"

"ఏం చేస్తడు, మొలిచిండు," అంది కిటికీలోంచి మా ఆవిడ. "టోపీకి కాయలు కూడ కాసినయ్, చూడు."

బుట్టలో చిక్కుడుకాయలు మంచుకు తడిసి ఉన్నాయి. వెడల్పాటి కాయలు, అంచు పొడుగునా ఎవరో పెన్సిలుతో గీసినట్టు ఊదా రంగు గీత. తీగ వేరు మా పెరట్లో ఉంది, కాపు వాళ్ళ మేడ మీద ఉంది. మధ్యలో తాడు పట్టుకుని అది ఎక్కిన ఎత్తు నలభై అడుగులు. సరే, అందులో సగం. కానీ కింద నిలబడి మెడ ఎత్తి చూసే ముసలివాడికి నలభై లాగే ఉంటుంది, అంతవరకు నన్ను క్షమించాలి.

ఈ చిక్కుడు గురించి, అది పుట్టిన మెట్టపొలం గురించి నేను చెప్పే గొప్పలకు లెక్కలేదు. ఇంటికి ఎవరు కొత్తగా వచ్చినా, విమానం చప్పుడు వినపడగానే, "అగో, మా చెలకల దిగుతుంది" అంటాను. వాళ్ళు నోరు తెరుస్తారు. నేను చాయ్ తాగుతాను. అసలు సంగతి, మా నాయన చెలక విమానాలు దిగే చోట లేదు. విమానాశ్రయానికి పోయే రోడ్డు పక్కన పచ్చగడ్డి పరిచి, పూలమొక్కలు వరసగా పెట్టి నీళ్ళు చిమ్ముతుంటారే, అక్కడెక్కడో ఒక మూల కింద ఉంది. ఆ చెలక గట్టున మా అమ్మ పెట్టిన చిక్కుడే ఇది. భూమి పోయింది, గట్టు పోయింది, చిక్కుడు గింజలు మాత్రం అమ్మ కొంగున ముడేసుకుని ఈ వాడకు వచ్చింది. ఏటేటా గింజ తీసి, బూడిదలో కలిపి, మళ్ళీ వానలు పడగానే పెట్టేది. అమ్మ తరువాత ఆ పని నాది. ఊరందరికీ ఆ గింజలు పంచానని చెప్పుకుంటే బాగుంటుంది. ఒక్కరికీ పంచలేదు. అడిగినవాళ్ళకు "ఈసారి పుచ్చిపోయినయ్" అని చెప్పి పంపేవాణ్ణి. ఊదా అంచు కాయ శంషాబాదు మొత్తంలో మా పందిరికే ఉండాలని నా కక్కుర్తి.

ఆ తీగకు దక్షిణాన గోడ, గోడ అవతల భాయ్ ఇల్లు. ఆయన పేరు ఇక్కడ రాయను. వాడకట్టులో ఎవరూ ఆయనను పేరు పెట్టి పిలిచినట్టు నాకు గుర్తులేదు కూడా. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను పటేలా అనేవాడు. నాకు అప్పటికి పెరడు తప్ప భూమి లేదు, అయినా ఆ పిలుపు కోసం రోజూ గోడ దగ్గరికి పోయేవాణ్ణి. కొత్తూరు ఫ్యాక్టరీల నుంచి బెంగళూరుకు లారీ నడిపిన మనిషి. మోకాళ్ళు అరిగాక ఇంటిపట్టున కూర్చున్నాడు గానీ, గొంతు మాత్రం ఇంకా ఇంజను చప్పుడుకు పైనే మాట్లాడేది. చలికాలం వస్తే ఇద్దరికీ అదే లోకం. తెల్లారేసరికి నేను మంకీ టోపీతో పెరట్లో ఉండేవాణ్ణి. ఆయన శాలువా కప్పుకుని గోడ అవతల కుర్చీలో ఉండేవాడు. చిక్కుడుకు చలిలో పేను పడుతుంది. మంచు ఆరకముందే ఆకుల మీద బూడిద చల్లితే తడికి అంటుకుని ఉంటుంది, పేను దరి చేరదు. గ్యాసు పొయ్యిలు వచ్చాక మా ఇంట్లో బూడిద ఎక్కడిది? భాయ్ ఇంట్లో మాత్రం స్నానాల నీళ్ళు ఇంకా కట్టెల మీదే కాగేవి. ఒక డబ్బా నిండా బూడిద గోడ మీద పెట్టి, "తీస్కో పటేలా, నీ చిక్కుడుకు పౌడరు," అనేవాడు. నేను చల్లుతుంటే, "చెంపకు సరిగ్గ అంటలే, జర మళ్ళ పుయ్యి," అని పని చెప్పేవాడు. అలా ఉండగా ఆయన ఇంటి కప్పు మీదుగా ఎండ తొంగిచూసి, ముందు పందిరి మీద, తరువాత టమాటాల మీద, ఆ తరువాత నా మీద పడేది. నా మీద పడగానే నేను టోపీ తీసేవాణ్ణి. "పటేల్ టోపీ తీసిండు, ఇగ నాష్తా పెట్టు," అని భాయ్ లోపలికి కేకేసేవాడు. వాళ్ళింట్లో గడియారం ఉండేది. అయినా నాష్తాకు నా టోపీయే లెక్క.

మొదటి కోత చిక్కుడు ఎప్పుడూ వాళ్ళకే. స్టీలు గిన్నెలో గోడ దాటేది. భాబీ దాన్ని మటన్‌లో వేసి వండేది. గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదని రెండిళ్ళ రివాజు. ఆ కూరే కొంచెం గిన్నెలో మళ్ళీ ఇటు వచ్చేది. అలా మా చిక్కుడు గోడ దాటిపోయి, గొప్పదై తిరిగి వచ్చేది.

ఒక ఎండాకాలం భాయ్ నన్ను పిలిచి, చాలాసేపు వేరే మాటలు మాట్లాడాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, ఆయన డొంకతిరుగుడు మనిషి కాదు. చివరికి అన్నాడు.

"పైన ఒక రూము ఏద్దామనుకుంటున్న పటేలా. అల్లుడు పోయినంక బిడ్డ ఒక్కతే తుక్కుగూడల కిరాయికి ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసి ఒక్కతే పోతది. ఆమె ఇల్లు చేరేదాంక నాకు నిద్ర పడ్తలేదు."

ఆ అమ్మాయి విమానాల్లోకి భోజనాలు సర్దే వంటశాలలో పనిచేసేది. ఇప్పుడూ చేస్తుంది.

"ఏసుకో భాయ్. అడిగేదేముంది?"

"అడిగేది ఉన్నది. నీ తోటకు నీడ పడ్తదేమో చూడు. పడ్తదంటే చెప్పు, ఏరే ఆలోచన చేస్త."

నేను ఆ మాటకు నవ్విన నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "సూర్యుడు ఏడికెళ్లి ఏడికి పోతడో నాకు నువ్వు చెప్తవా? దుప్పటి తే, ఇప్పుడే చూద్దాం," అన్నాను. మండుటెండ. భాయ్, ఆయన బిడ్డ కలిసి రెండు వెదురు కర్రలకు దుప్పటి కట్టి, కప్పు మీద గోడ రాబోయే చోట ఎత్తి పట్టుకున్నారు. నేను కింద పెరట్లో చేతులు వెనక్కి కట్టుకుని ఇంజినీరులా అటూ ఇటూ నడిచాను. దుప్పటి నీడ మా వైపు ఒక్క బెత్తెడు కూడా పడలేదు. పడిన కాస్తా వాళ్ళ వాకిలి వైపే పడింది. "చూసినవా? నీడ మీదే, ఎండ నాదే. ఎన్ని అంతస్తులైనా కట్టుకో," అని ఇల్లు రాసిచ్చినవాడిలా చేయి ఊపాను. పై నుంచి భాయ్, "షుక్రియా పటేలా, ఇగ దించమంటవా? చేతులు గుంజుతున్నయ్," అన్నాడు.

మా తప్పు ఎక్కడుందో మీకు తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియలేదు. నేను చెలకలో పెరిగినవాణ్ణి. చెలకలో నీడ వేయడానికి ఏముంది? సూర్యుడు నెత్తి మీద ఉన్నా, చలికాలంలో దక్షిణానికి వాలినా, ఎర్రమట్టికి అన్నీ ఒకటే, పొద్దంతా ఎండే. గోడ నీడ గురించి మా వంశంలో ఎవరూ ఆలోచించి ఉండరు. భాయ్ బతుకంతా రోడ్డు మీద గడిచింది, నీడ కనిపిస్తే లారీ ఆపుకోవడమే తెలుసు. ఇద్దరం కలిసి, చలికాలపు తోట కోసం, నడి ఎండాకాలంలో దుప్పటితో నీడ కొలిచాం.

వానల్లో గింజలు పెట్టాను. రూము లేచింది, దాని మీదికి మెట్లు కూడా లేచాయి. దసరా దాటాక ఆ అమ్మాయి సామాను తెచ్చుకుంది. ఆ రాత్రి భాయ్ గురక మా ఇంటి దాకా వినిపించిందంటాను నేను. మా ఆవిడ అది నా గురకే అంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే గోడ మొదట్లో ఒక చారెడు నీడ కనిపించింది. వచ్చిన చుట్టం మొదట గడప దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. దీపావళికి మడి మధ్యకు జరిగింది. చలి ముదిరేసరికి పెరడంతా పరుచుకుంది, పొద్దంతా కదలదు. బంతి మొక్కలు ఎండను వెతుక్కుంటూ మెడలు సాచాయి. టమాటాలు పచ్చివి పచ్చిగానే ఉండిపోయాయి. చిక్కుడు మాత్రం ఆకు మీద ఆకు వేసి పందిరి నిండా నల్లగా అల్లుకుంది. ఒక్క పువ్వు లేదు.

పువ్వు లేకపోతే కాయ లేదు, కాయ లేకపోతే గింజ లేదు. సీసాలో దాచిన పాత గింజలు చూద్దామని మూత తీస్తే పిండి రాలింది, అన్నీ పుచ్చిపోయాయి. ఏళ్ళ తరబడి అందరికీ చెప్పిన అబద్ధం నా సీసాలోనే నిజమై కూర్చుంది. ఎవరికైనా నాలుగు గింజలు ఇచ్చి ఉంటే పోయి అడుక్కునేవాణ్ణి. ఇవ్వలేదు. పందిరి మీద ఉన్న ఆ తీగ ఈ చలికాలంలో కాయకపోతే అమ్మ చిక్కుడు అక్కడితో సరి.

"భాయ్‌కు చెప్పరాదు?" అంది మా ఆవిడ.

"ఏమని చెప్పాలె? నీ బిడ్డ రూము నా చిక్కుడుకు అడ్డమైందనా?"

ఆవిడ నా చేతిలోంచి సీసా తీసుకుని, పిండి దులిపి, కడిగి బోర్లించింది.

అంతలో మొదటి కోత గిన్నె వేళ వచ్చింది. గిన్నె గోడ దాటకపోతే భాయ్ అడుగుతాడు. కుర్చీలోంచి ఆయనకు గోడ పైన నా టోపీ, పందిరి ఆకులే కనిపిస్తాయి గానీ, అడిగితే లేచి తోట చూస్తాడు. అందుకని సంచి పట్టుకుని శంషాబాదు మార్కెట్టుకు పోయాను. ఊదా అంచు కాయ కోసం బండి బండికీ తిరిగాను, సాతంరాయి దాకా పోయి వెతికానని కూడా చెప్పేవాణ్ణే గానీ, పోలేదు, కాళ్ళు నొప్పి పుట్టి మామూలు పచ్చకాయలే కొనుక్కొచ్చాను. మటన్‌లో పడి ఉడికాక అంచులు ఎవరు చూస్తారని నా ధైర్యం. "తినేటోళ్ళకు తెల్వది సరే, వండేటోళ్ళకు తెల్వదా?" అంది మా ఆవిడ. నేను వినిపించుకోలేదు. గిన్నె పోయింది. ఎప్పటిలాగే కూరతో తిరిగి వచ్చింది. నా తెలివిని నేనే మెచ్చుకుని రెండోసారీ పంపాను.

ఆ రెండో గిన్నె పచ్చికాయలతోనే గోడ దగ్గరికి తిరిగి వచ్చింది. పట్టుకుని భాబీ నిలబడింది, వెనక కుర్చీలో భాయ్.

"అన్నా, ఇవి మీ కాయలు కావు," అంది భాబీ.

"గట్లెట్లంటవు భాబీ?"

"ఇన్నేళ్ళ సంది నార తీస్తున్న. మీ కాయ నార తీస్తే గోరు నల్లగైతది. పోయినసారే చూసిన, ఊకున్న. ఇయ్యాల గూడ చూడు, గోరు గోరు తీరే ఉన్నది."

"ఈసారి విమానాల పొగకు రంగు దిగింది," అన్నాను. అంతకంటే మంచి అబద్ధం అప్పటికప్పుడు దొరకలేదు.

భాయ్ నవ్వలేదు. కుర్చీలోంచి లేచి గోడ దాకా వచ్చాడు. నా వైపే చూస్తూ అడిగాడు. "టైమెంతైంది పటేలా?"

"పదైతున్నట్టుంది."

"మరి టోపీ ఎందుకు తియ్యలే?"

నా చేయి నెత్తి మీదికి పోయింది. టోపీ ఉంది. చలికాలం మొదలైనప్పటి నుంచి పెరట్లో దాన్ని తీసే పని పడలేదు, రోజూ నాష్తా వేళకు ముందే ఏదో పని చెప్పి ఇంట్లోకి జారుకునేవాణ్ణి. భాయ్ గోడ మీదుగా చేయి చాచి చిక్కుడు ఆకు ఒకటి పట్టుకున్నాడు. పొద్దెక్కినా ఆకు మీద మంచు ఆరలేదు. మెల్లగా తలెత్తి తన బిడ్డ గోడను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"నేను అడిగిన గద. పడ్తదంటే చెప్పు అన్న గద."

"అప్పుడు పడలే భాయ్."

"మరి ఇప్పుడు పడ్డది గద, ఇప్పుడెందుకు చెప్పలే? నా బిడ్డ నీకు ఏం గాదా? నేను ఒక్కన్నే పరేషాన్ గావాల్నా?"

గింజల సంగతి చెప్పేశాను. పుచ్చిన సీసా, ఎవరికీ ఇవ్వని కక్కుర్తి, అన్నీ. ఆయన విని, భాబీ చేతిలోంచి గిన్నె తీసుకుని లోపలికి పోయాడు. మర్నాడు పొద్దున కుర్చీ ఖాళీగా ఉంది. బూడిద డబ్బా గోడ మీదికి రాలేదు. నేను ఆ కుర్చీని చూస్తూ నిలబడ్డ కాసేపట్లో, చిక్కుడు పోతే పోయింది, ఈయన మాట్లాడితే చాలు అనుకున్నాను. ఇందులో అతిశయం ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నం పై నుంచి కేక వినిపించింది. "పటేలా, పట్టుకో!"

మేడ మీద, రూము కప్పు అంచున భాయ్. దుప్పటి పట్టుకున్న రోజు తరువాత ఆ మోకాళ్ళు మెట్టెక్కలేదు. పక్కన బిడ్డ ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుని, "అబ్బా, జర వెనక్కి, వెనక్కి," అంటోంది. తండ్రిని ఆమె పిలిచే పిలుపు అది. పైనుంచి లావుపాటి తాడు ఒకటి బుసబుసమంటూ దిగి నా కాళ్ళ ముందు పడింది.

"ఏందిది భాయ్?"

"లారీ తాడు. బెంగళూరు దాక ఎన్ని లోడ్లు పట్టిందో దీనికే తెల్వదు, నీ తీగ ఒక లెక్కనా? ఎండ కిందికి రాదిగ. తీగనే పైకి పంపు. పైన నా బిడ్డ చూస్కుంటది."

పై చివర లోడు ముడి వేశాడు, లారీల వాళ్ళు వేసే ముడి, బరువు పడేకొద్దీ బిగుస్తుంది. కింది చివర నేను పందిరి గుంజకు కట్టాను. అల్లుకున్న తీగను పందిరి నుంచి విడదీసి, పాత లుంగీ పీలికలతో తాడుకు చుట్టాను. కొన్ని కొసలు విరిగాయి. విరిగిన ప్రతిసారీ పై నుంచి భాయ్, "మెల్లగ, మెల్లగ, గ్లాసు లోడు అనుకో," అని అరిచేవాడు. మిగిలిన కొసలు రోజూ తాడును పట్టుకుని పైకి పాకాయి. డ్యూటీ నుంచి వచ్చాక ఆ అమ్మాయి అందినమేర లాగి చుట్టేది. తీగ గోడ తలను దాటి ఎండలోకి మొహం పెట్టిన చాలా రోజులకు, ఒక పొద్దున పై నుంచి "చాచా! ఊదా పువ్వు!" అని కేక వినపడింది. నేను ఒక్క ఊపున మేడ ఎక్కాను. అంటే, మెట్ల మీద రెండుచోట్ల కూర్చుని, చివర్లో ఆ అమ్మాయి చేయి పట్టుకుని ఎక్కాను. భాయ్ అప్పటికే అక్కడ కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఎండ నా మీద ఉంది. టోపీ తీశాను. "నాష్తా పెట్టు," అని భాయ్ కిందికి కేకేశాడు.

ఆ ఏడు ఒక్క కాయ కూడా ఎవరినీ కోయనివ్వలేదు ఆయన. కోతులు రాకుండా కర్ర పట్టుకుని మేడ మీదే కూర్చునేవాడు. భాబీ ఒక కూరకైనా ఇవ్వమంటే, "గింజకు పోయినంక నీ కూర," అనేవాడు. శివరాత్రి నాటికి కాయలు ఎండి గలగలమన్నాయి. ఒకటి తెంపి నా చెవి దగ్గర ఆడించాడు. గింజలు చేతిలో పోస్తే దోసెడు కూడా లేవు. సగం ఆయనకే ఇచ్చాను. ఆయన సగం బిడ్డకు ఇచ్చాడు, బిడ్డ వంటశాలలో పనిచేసేవాళ్ళందరికీ ఇచ్చింది. ఇప్పుడు ఊదా అంచు చిక్కుడు తుక్కుగూడలో కాస్తుంది, కొత్తూరులో కాస్తుంది. మొన్న శంషాబాదు మార్కెట్టులో ఒక బండి మీద కూడా చూశాను. నా కాయ నేనే కొనుక్కుని ఇంటికి తెచ్చి మా ఆవిడతో చీవాట్లు తిన్నాను.

భాయ్ మరుసటి చలికాలం కూడా చూశాడు. ఆ తరువాతిది చూడలేదు. నీడలో మెంతి, పుదీనా వేసుకుంటున్నాను, అవి బాగానే వస్తున్నాయి. గిన్నె ఇప్పుడు అటు నుంచి ఇటు వస్తుంది, బుట్టగా మారి, నెత్తి మీదికి. ఈ ఉదయం బుట్ట అందుకున్నాక ఆ అమ్మాయి పై నుంచి అడిగింది. "చాచా, మా అబ్బా కట్టిన తాడు పీచులు లేస్తుంది. కొత్తది కడ్దామా?"

"ఆ ముడి విప్పుడు నాకు రాదు బిడ్డా. ఇంకో ఏడు ఉండనీ."

"నాకూ రాదు," అంది తను.

ఇద్దరం అబద్ధమే చెప్పాం. ఎట్లా విప్పాలో భాయ్ మా ఇద్దరికీ చూపించాడు. దక్షిణానికి వాలిన సూర్యుడు వేసవికి మళ్ళీ నెత్తి మీదికి వస్తాడు, పెరట్లోకి వచ్చిన నీడ వెనక్కి పోతుంది, మనుషులు మాత్రం అలా తిరిగి రారు. అయినా ప్రతి చలికాలం ఒక కొత్త తీగ నీడలో పుట్టి, పాత తాడు పట్టుకుని ఆయన ముడి దాకా ఎక్కుతుంది. కాలం నాకు మిగిల్చింది అంతే, దాన్ని మాత్రం ఒక్క అంగుళం కూడా పెంచి చెప్పడం లేదు.